లైన్లలో ఎవరూ లేరని రాశాను

చిత్తూరు కోర్టు వీధిలో ఒకరిద్దరు ముసలివాళ్లు నన్ను ఇప్పటికీ ‘బాంబుల సామి’ అనే పిలుస్తారు. నేను ఒక్క బాంబు కూడా వెయ్యలేదు. నిజం చెప్పాలంటే ఒక్కటి కూడా నేలను తాకుతుండగా చూడలేదు. నేను చేసింది వార్తలు రాయడం. యుద్ధకాలంలో, మద్రాసులో అచ్చయ్యే ఒక తెలుగు దినపత్రిక తరఫున బెంగాల్లోని విమాన స్థావరాల్లో ఉండి, బర్మా మీద బాంబులు వేసి వచ్చే విమానాల గురించి రెండేళ్లు రాసి పంపాను. ఆ తర్వాత ముప్పై ఏళ్లు అదే వృత్తిలో ఇంకా ఏవేవో రాశాను. జనానికి మాత్రం ఆ రెండేళ్లే గుర్తున్నాయి.

ఈమధ్య పత్రికల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఇంటికి వచ్చి, యుద్ధం అనుభవాలు చెప్పండి సార్ అని అడిగారు. వాళ్లకు కావలసింది సాహసాలు. తుపాకుల మోత, మంటలు, కొద్దిలో తప్పిన చావు. అవి చెప్పడం నాకు బాగానే వచ్చు, చాలా ఏళ్లు అవే చెప్పుకుని పెద్దమనిషిగా చలామణి అయ్యాను. ఆ రోజూ చెప్పాను. వాళ్లు నోళ్లు తెరుచుకుని విన్నారు. వెళ్లిపోయాక నా మీద నాకే అసహ్యం వేసింది. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు ఏ సభలో పొగిడారు అనేవి ఇక్కడ వెతక్కండి. నేను రాసిన ఒక వాక్యం గురించి, దాన్ని నమ్మిన ఒక మనిషి గురించి చెబుతాను.

పాకలో కూర్చుని ఎగరడం

యుద్ధానికి ముందు నేను చిత్తూరులో కోర్టు వార్తలు, తిరుపతిలో ఉత్సవాల వార్తలు రాసుకునే చిన్న విలేకరిని. పెళ్లి కాలేదు, ఇంగ్లీషు తడుముకోకుండా మాట్లాడతాను, ఎక్కడికి పొమ్మన్నా పోతాను. ఈ మూడు అర్హతలు చూసి సంపాదకుడు గారు నన్ను బెంగాలుకు పంపారు. విమానం అనేదాన్ని అంతకు ముందు నేను ఆకాశంలో తప్ప చూసి ఎరగను.

విలేకరి విమానంలో కూర్చుని కింద మంటలు చూస్తూ రాస్తాడని చదివేవాళ్లు అనుకుంటారు. మా పని అలా ఉండేది కాదు. పొద్దెక్కుతుండగా విమానాలు ఒకదాని వెనక ఒకటి లేచిపోయేవి. పత్రికలవాళ్లం అరడజను మందిమి కిందే ఉండిపోయేవాళ్లం. పేకాడుకునేవాళ్లం, బట్టలు ఉతుక్కునేవాళ్లం, దోమల్ని తిట్టుకునేవాళ్లం. సాయంత్రం చెట్ల మీదుగా మోత వినబడితే బయటికి పరుగెత్తి ఎన్ని తిరిగి వచ్చాయో చూసేవాళ్లం. దిగినవాళ్లను ఒక పాకలోకి తీసుకుపోయి, టీ ఇచ్చి, ఒక అధికారి ప్రశ్నలు వేసేవాడు. ఎక్కడ వేశారు, ఏం కనబడింది, ఎవరు ఎదురొచ్చారు. ఆ పాక మూలలో మాకొక బల్ల ఉండేది. అక్కడ కూర్చుని వాళ్ల మాటలు రాసుకోవడమే మేము చేసిన యుద్ధం.

మొదటి నెలలో నేను ‘వైమానికులు చెప్పారు’, ‘వాళ్లకు అలా అనిపించింది’ అని రాసేవాణ్ణి. సంపాదకుడు గారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ‘నువ్వింకా కోర్టు వార్తలే రాస్తున్నావు. పాఠకుడికి నీ కళ్లు కావాలి, నీ సాక్షులు కాదు’ అని. ఆయన చెడ్డవాడేమీ కాదు. పది మాటల్లో చెప్పేది ఆరు మాటల్లో చెప్పడం నాకు నేర్పింది ఆయనే. కాని ఈ విషయంలో ఆయన తప్పు, నేను ఇంకా తప్పు. ఆ ఉత్తరం తర్వాత ‘చెప్పారు’ మానేసి ‘కనబడింది’ అని రాయడం మొదలుపెట్టాను. ‘వాళ్లు’ పోయి ‘మేము’ వచ్చింది. నా పేరు మొదటి పేజీకి ఎక్కింది.

చిత్తూరులో మా అమ్మ ఇరుగుపొరుగుతో, ‘మావోడు దినామూ పోయి బాంబులేసి వస్తా ఉండాడు’ అని చెప్పుకునేదట. ఆ సంగతి ఉత్తరంలో చదివి కడుపుబ్బ నవ్వుకున్నాను. ఆమె చేత అలా అనిపించింది నా రాతే అని మాత్రం తట్టలేదు. కోర్టుల్లో తిరిగి నేను నేర్చుకున్న మంచి అలవాటు ఒకటే ఉంది, ఎవరు చెప్పారో రాయడం. దాన్ని చేతులారా వదిలేశాను.

మునెమ్మ అడిగింది

ఒకసారి సెలవు మీద ఇంటికి వచ్చాను. మా ఇంటికి పాలు పోసే మునెమ్మ ఆ ఉదయం పాలు పోసి కూడా కదలకుండా వసారాలో నిలబడింది. ఇరవై రెండేళ్లుంటాయేమో. పెళ్లయిన ఏడాదికే మొగుడు చెంగల్రాయుడు రంగూన్ వెళ్లి రైల్వేలో పట్టాల పనికి కుదిరాడు. జపానువాళ్లు రంగూన్ పట్టుకున్నప్పుడు మనవాళ్లు చాలామంది అడవుల వెంట నడిచి దేశానికి వచ్చేశారు. చెంగల్రాయుడు రాలేదు. ఉత్తరాలు కూడా ఆగిపోయాయి.

“సామీ, నువ్వు ఆ పక్కకే గదా పోయేది?” అంది.

“పోతాను గాని ఊళ్లోకి కాదు మునెమ్మా. పైనుంచే.”

“పైనుంచైనా సూస్తావు గదా. మా ఇంటాయన ఆడే ఉండాడు. రైలు యార్డు పక్కన కూలోళ్ల లైన్లు ఉండాయంట. నీళ్ల ట్యాంకికి ఎదురుగా, వరసగా రేకుల ఇండ్లు. జాబులో రాయించినాడు.”

“అంత ఎత్తునుంచి మనుషులు కనబడరు.”

“మనిసిని సూడమనలే సామీ. ఆ లైన్ల మీద బాంబులు పడ్లేదని ఒక్క మాట తెలిస్తే నాకు సాలు.”

లోపల్నుంచి మా అమ్మ, “సూసి చెప్పరా, నోరు తెరిచి అడిగింది పాపం” అంది. సరేనన్నాను. నేను అప్పటికి ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదని వాళ్లిద్దరికీ చెప్పి ఉండాల్సింది. బాంబుల సామికి నోరు రాలేదు.

నాలుగు మాటలు

వెనక్కి వెళ్లిన తర్వాత, నెలల తరబడి అడగ్గా, ఒకే ఒక్కసారి విమానం ఎక్కనిచ్చారు. నా అదృష్టమో దురదృష్టమో, ఆ రోజు వాళ్లు వెళుతున్నది రంగూన్ రైలు యార్డు మీదికే.

అది నాలుగు ఇంజన్ల పెద్ద బాంబరు. నాకు గొర్రెతోలు కోటు తొడిగి, ముక్కుకు గాలి గొట్టం తగిలించి, మధ్యలో తుపాకీ పెట్టే కిటికీ పక్కన కూర్చోబెట్టారు. తుపాకీ దగ్గర నిలబడ్డ సైనికుడు నాకంటే చిన్నవాడు, మంచివాడు. భయపడొద్దని సైగ చేశాడు. గంటల కొద్దీ ప్రయాణం. అంత చలి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. చేతులకు రెండు జతల తొడుగులు, పెన్సిలు పట్టు చిక్కదు. మోతకు పళ్లు అదిరిపోయాయి. బాంబులు వేయడానికి ముందే నాకు రెండుసార్లు వాంతి అయింది.

మధ్యాహ్నం వేళకు రంగూన్ మీదికి చేరాం. సైనికుడు భుజం తట్టి కిందికి చూపించాడు. తొంగి చూశాను. గోధుమరంగు ఏరు, దాని పక్కన బూడిదరంగు మరక. అది ఊరట. విమానం ఒక్క కుదుపుతో పైకి లేచింది, అంటే బాంబులు వదిలేశారన్నమాట. కాసేపటికి ఆ మరక మీద పొగ లేచింది. ఆ పొగలో యార్డేది, ట్యాంకేది, లైన్లేవి? ఏమీ తెలియలేదు. మునెమ్మ మాట గుర్తు లేక కాదు. గుర్తుంది, కళ్లు చించుకుని చూశాను కూడా.

ఆ ప్రయాణంలో నేను రాసుకున్న కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. దానిమీద ఉన్నవి నాలుగే మాటలు. ‘చలి. ఏరు. పొగ. చలి.’

కెప్టెన్ మెచ్చుకున్న వాక్యం

దిగిన తర్వాత పాకలో కూర్చుని వార్త రాయడానికి మొదలుపెట్టాను. విమానాల్లోంచి తీసిన ఫొటోలు చూసే అధికారి ఒకడు, యార్డులో నీళ్ల ట్యాంకి కూలిపోయిందని చెప్పాడు. అది రాశాను. తుపాకీ సైనికుణ్ణి పిలిచి, “ఆ ట్యాంకి ఎదురుగా కూలీల ఇళ్లు ఉంటాయి, అక్కడ మనుషులున్నారా?” అని అడిగాను. అతను నిజాయితీగా, “నాకు మనిషి అనేవాడు ఒక్కడూ కనబడలేదు” అన్నాడు. నిజమే. అంత ఎత్తునుంచి తిరునాళ్లు జరుగుతున్నా అతనికి మనిషి కనబడడు. ఆ సంగతి అప్పుడే దిగివచ్చిన నాకు తెలియనిది కాదు.

నేను రాసింది ఇది. ‘యార్డు పక్కనున్న కూలీల లైన్లు అప్పటికే ఖాళీ అయిపోయాయి. పట్టపగటి వెలుగులో స్పష్టంగా చూశాను. అక్కడ ఎవరూ లేరు.’

ఎందుకు రాశానో చెబుతాను. ఒక్క మనిషి కోసం రాశాను. చిత్తూరులో పాల చెంబు పట్టుకుని నిలబడ్డ ఆ అమ్మాయికి ఒక్క రోజైనా నిద్ర పట్టాలని రాశాను. దయతోనే రాశాను. ఈ వృత్తిలో దయతో రాసిన అబద్ధానికి ఎక్కువ ఆయుస్సు ఉంటుందని నాకు అప్పటికి తెలియదు.

మేము రాసినవి తంతిలో ఇంగ్లీషులో వెళ్లేవి, మద్రాసులో కూర్చున్నవాళ్లు తెలుగు చేసేవాళ్లు. అందువల్ల చాలా తప్పులు వాళ్ల నెత్తిన రుద్దెయ్యొచ్చు, చాలాసార్లు రుద్దాను కూడా. ఇది మాత్రం కుదరదు. నేను పంపిన తంతి నకలు నా దగ్గరే ఉంది.

తంతి పోయేముందు ప్రతి వార్తనూ ఒక కెప్టెన్ చూసి, ఇష్టం లేనిదాన్ని నీలం పెన్సిలుతో కొట్టేసేవాడు. రెండేళ్లలో ఆయన నా రాతను పొగడగా నేను వినలేదు. ఆ రోజు చదువుతూ చదువుతూ ఆగి, కూలీల లైన్ల గురించి రాసిన చోట వేలు పెట్టి, “చాలా బాగుంది. ఇలాంటివి ఇంకా రాయండి” అన్నాడు. నేను పొంగిపోయాను. పిల్లలూ, ఈ ఒక్కటి రాసిపెట్టుకోండి. నీలం పెన్సిలు పట్టుకున్నవాడు మీ వాక్యాన్ని మెచ్చుకుంటే, ఇంటికి పోయి ఆ వాక్యాన్ని మళ్లీ చదవండి. సగంసార్లు దాన్ని మీరే కొట్టెయ్యాల్సి ఉంటుంది.

శాలువా

చిత్తూరులో ఆ రోజుల్లో పేపరు కొనేవాళ్లు తక్కువ, వినేవాళ్లు ఎక్కువ. కోర్టు ఎదుట కాఫీ హోటలు వసారాలో ఒక బడి అయ్యవారు రోజూ ఉదయం పేపరు పైకి చదివేవాడు. కక్షిదారులు, బండ్లవాళ్లు, కూరగాయలు అమ్ముకోవడానికి వచ్చినవాళ్లు గుంపుగా నిలబడి వినేవాళ్లు. రంగూన్ వార్త చదివిన రోజు మునెమ్మ పాలు పోసి ఆ దారినే వెళుతూ నిలబడిందట. ‘ఎవరూ లేరు’ అన్నచోట అయ్యవారి చేత ఇంకోసారి చదివించుకుని, ఆ ముక్క కత్తిరించి ఇమ్మని అడిగి తీసుకుపోయిందట. మా అమ్మ ఈ సంగతి ఎంతో సంతోషంగా రాయించింది. నాకూ సంతోషమే వేసింది.

యుద్ధం ముగిసింది. ఇంటికి వచ్చేశాను. నేను ప్రాణాలతో వస్తే తల నీలాలు ఇప్పిస్తానని అమ్మ మొక్కుకుంది కాబట్టి, మెట్లెక్కి తిరుమలకు పోయి గుండు చేయించుకుని వచ్చాను. మర్నాడే ఊళ్లో పెద్దలు నాకు సన్మానం పెట్టారు. కాఫీ హోటలు యజమాని నా గుండు చూసి, “ఒక బాంబు తలకాయ మీదే పడినట్టుండాదే సామీ!” అని అందరినీ నవ్వించాడు. శాలువా కప్పారు. ఉపన్యాసం ఇచ్చాను. విమానంలోంచి రంగూన్ ఎలా కనబడిందో అరగంట సేపు వర్ణించాను. కాగితం మీదున్న నాలుగు మాటలను అరగంటకు సాగదీయడం ఎలాగో అప్పటికి బాగా అలవాటైపోయింది.

దొరస్వామి వచ్చిన రోజు

ఆ తర్వాత కొన్ని నెలలకు, ఒక ఆదివారం ఉదయం చెంగల్రాయుడి అన్న దొరస్వామి మా ఇంటికి వచ్చాడు. వెనకాలే మునెమ్మ. అప్పుడు మా వసారాలో ఇద్దరు వకీళ్లు కూర్చుని ఉన్నారు, సన్మానంలో తీసిన ఫొటో తెచ్చిచ్చి, నన్ను పొగుడుతూ కాఫీ తాగుతున్నారు.

దొరస్వామి మెట్టు దగ్గరే నిలబడ్డాడు. “సామీ, నువ్వొక్క మాట సెప్పాల. యుద్ధం అయిపోయి ఇన్ని నెలలాయ. రంగూన్ నుంచి రావాల్సినోళ్లు వచ్చేసినారు. మా తమ్ముడు రాలే. కర్మ సేసేస్తామంటే ఈయమ్మ ఒప్పుకోదు.”

“ఏమంటుంది?”

“మా కులంలో మారుమనువు ఉండాది సామీ. ఈయమ్మ మేనమామ కొడుకు గురవయ్య, బంగారుపాళ్యంలో మామిడితోట సూసుకుంటా ఉండాడు. మంచోడు. నేను సేసుకుంటానని వాడే వచ్చి అడిగినాడు. మా ఇంట్లో అందరికీ ఇష్టమే. వయసులో ఉండే మనిసి, పిల్లా జెల్లా లేరు, ఎన్నాళ్లని ఇట్ల? ఈయమ్మేమో నీ పేపరు ముక్క సూపిస్తాది. సామి కండ్లారా సూసి రాసినాడు, లైన్లలో ఎవురూ లేరు, మా ఇంటాయన యాడికో పోయింటాడు, వస్తాడు అంటాది. నువ్వే సెప్పు సామీ. నిజంగా సూసినావా?”

మునెమ్మ నా ముఖంలోకి చూస్తోంది. వకీళ్లు కూడా కప్పులు దించి నావైపు తిరిగారు.

ఇక్కడ కెప్టెన్ లేడు, సంపాదకుడు లేడు. నా ఇల్లు, నా వసారా. ‘లేదు దొరస్వామీ, నాకు పొగ తప్ప ఏమీ కనబడలేదు’ అంటే సరిపోయేది. ఒక్క నిమిషం తలవంపు. వకీళ్లు ఊరంతా చెప్పుకుంటారు, కొన్నాళ్లు నవ్వుతారు, మరిచిపోతారు.

“నేనే కదా రాసింది. చూడకుండా రాస్తానా?” అన్నాను.

“అంతే సాలు సామీ” అన్నాడు దొరస్వామి. గొంతులో నిరాశ తెలుస్తూనే ఉంది. మునెమ్మ మెట్టెక్కి వచ్చి నా కాళ్లకు దండం పెట్టింది. వాళ్లు వెళ్లాక ఒక వకీలు, “ఎంత నమ్మకమయ్యా నీ రాత మీద!” అన్నాడు. నేను సిగ్గు పడలేదు. కొంచెం గర్వపడ్డానని కూడా రాయాలి, లేకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు.

వార్తలో తప్పు రాయడం అందరూ చేసేదే. చలికి, తొందరకు, భయానికి రాసిన తప్పును మనుషులు క్షమిస్తారు. అడిగినప్పుడు సరిదిద్దకపోవడానికి మాత్రం నాకు ఏ సాకూ దొరకలేదు. వెతికాను గాని దొరకలేదు.

గురవయ్య ఇంకో ఏడాది చూశాడు. మధ్యలో ఒకసారి తనే వచ్చి మునెమ్మను అడిగి వెళ్లాడట. ఆమె మళ్లీ ఆ ముక్కే చూపించింది. తర్వాత వాళ్లమ్మ జబ్బు పడింది, ఇంట్లో మనిషి కావాలని పలమనేరు పక్కనుంచి వేరే పిల్లను చేసుకున్నాడు.

నగరిలో మగ్గం దగ్గర

ఆ పెళ్లయిన రెండేళ్లకు మా పత్రిక బర్మానుంచి తిరిగివచ్చినవాళ్ల కథలు వరసగా వేయాలనుకుంది. ఆ పని నాకు అప్పగించారు. ఆ తిరుగుడులో నగరి వెళ్లి ఏకాంబరం అనే నేతగాణ్ణి కలిశాను. రంగూన్ రైల్వేలో కూలిపని చేసి వచ్చి, మళ్లీ మగ్గం గుంటలో కూర్చున్నాడు. ఒక చెవి వినబడదు, అందుకని గట్టిగా మాట్లాడతాడు. పోగు తెగినప్పుడల్లా మాట ఆపి, ముడివేసి, మళ్లీ చెప్పేవాడు.

“పగలు ఇమానాలు వస్తా ఉన్నాయని జపానోళ్లు మాసేత రేత్రిళ్లే పట్టాల పని సేయించినారు. పగలంతా లైన్లలోనే పండుకుంటా ఉంటిమి.”

నా పెన్సిలు ఆగిపోయింది. రేణిగుంట జంక్షన్లో రాత్రి డ్యూటీ చేసిన పట్టాల గ్యాంగువాళ్లు మిట్టమధ్యాహ్నం గుర్రుపెట్టి నిద్రపోవడం నేను వందసార్లు చూసినవాణ్ణే. పగటిపూట దాడులు ఎక్కువయ్యే కొద్దీ పగటిపూట లైన్లలో మనుషులు కూడా ఎక్కువవుతారని, పాకలో కూర్చున్న మా అరడజను మందిలో ఒక్కడికీ తట్టలేదు. తట్టాల్సినవాణ్ణి నేను.

“నీళ్ల ట్యాంకి పడిపోయిన పొద్దు సెప్తా విను. సైరన్ కూసింది. అలవాటై పోయిండాది, సగం మంది లేయనేలేదు. నేను పోయి దాక్కునే గుంతలోకి దూకితి. నా పక్కన పండుకునేటోడు, మీ సిత్తూరాయనే, నాతోబాటే బయటికొచ్చినాడు. గుంత కాడ నిలబడిపోయినాడు. రాప్పా లోపలికి అంటే రాడు. తలెత్తి పైకే సూస్తా ఉండాడు. ఎండకు మెరస్తా ఉండాయి గదా ఇమానాలు. ‘ఏకాంబరం, మనోళ్లు వచ్చేసినారప్పా, ఇంక ఇంటికి పోతాము’ అన్నాడు. ఆ నవ్వు మొగం నాకు ఇప్పుటికీ కండ్లల్లోనే ఉండాది.”

ట్యాంకి కూలింది ఒక్క రోజే. ఆ రోజు పైన నేనున్నాను. పేరు అడగడానికి నాకు భయం వేసింది. అడిగాను.

“చెంగల్రాయుడు” అన్నాడు ఏకాంబరం. “మేమే పూడ్సినాము.”

మామిడితోటలో

ఆ వెంటనే వెళ్లి చెప్పానని రాయాలనుంది. వెళ్లలేదు. మునెమ్మ అప్పటికి పాల వ్యాపారం మానేసి పుట్టింటి దగ్గర, బంగారుపాళ్యంలో తోటపనికి పోతోంది. మూడుసార్లు బస్సు దాకా పోయి వెనక్కి వచ్చాను. నాలుగోసారి మా అమ్మే, “ఏమిరా అట్ల తిరగతా ఉండావు?” అని నిలదీస్తే ఆమెకు చెప్పేశాను. ఆమె నాకు వడ్డించబోతున్న కంచం పక్కన పెట్టేసింది. తర్వాత, “పోరా. పొయ్యి చెప్పిరా. అన్నం తర్వాత తిందువు” అంది.

కాయలు కోసే రోజులు. గురవయ్య చూసుకునే తోటలోనే పనిచేస్తోంది మునెమ్మ. చెట్టు నీడన కూర్చుని బెంగుళూరా మామిడికాయలు ఏరి, గంపల్లో వరిగడ్డి పరిచి సర్దుతోంది. నన్ను చూసి లేవబోతే వద్దని, నేనే కింద కూర్చున్నాను. అప్పుడే గురవయ్య భార్య చంకలో బిడ్డతో వచ్చి ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి వెళ్లింది. మునెమ్మ ఆ బిడ్డ బుగ్గ నిమిరి పంపించింది.

నేను అన్నీ చెప్పాను. ఆ ఎత్తునుంచి నాకు పొగ తప్ప ఏమీ కనబడలేదని, లైన్ల మాట కల్పించి రాశానని, దొరస్వామి అడిగిన రోజు పరువు కోసం అబద్ధమాడానని. ఏకాంబరం చెప్పింది అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. గుంత దగ్గర నిలబడి నవ్విన సంగతి దాచేద్దామని దారంతా అనుకుంటూనే వచ్చాను. ఇంకోసారి ఆమెకు ఏది మంచిదో నేను తేల్చకూడదనిపించి, అదీ చెప్పాను.

మునెమ్మ చేతులు ఆగలేదు. కాయ తుడిచి, తొడిమ చూసి, గంపలో పెడుతూనే ఉంది. గంప నిండాక అంది, “దొరస్వామి బావ అడిగిన పొద్దైనా సెప్పింటే సాలు గదా సామీ. గురవయ్య రెండు తూర్లు వచ్చినాడు.”

“తప్పు చేశాను మునెమ్మా” అన్నాను.

“ట్యాంకి పడిన పొద్దు ఆ ఇమానాల్లోనే ఉండినావా నువ్వు?”

“ఉన్నాను.”

“మనోళ్లు వచ్చేసినారు అన్నాడా?”

“అన్నాడట.”

ఆమె కొంగు ముడి విప్పింది. అందులో చిన్న రేకు డబ్బా, డబ్బాలో నాలుగు మడతలు పెట్టిన పేపరు ముక్క. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి. దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

“నీకు ఆయప్ప కనబడ్లేదు సామీ, పోనీలే” అంది. “ఆయప్ప మాత్రం నిన్ను సూస్తానే పోయినాడు.”

ఆ ముక్కను, నాలుగు మాటలున్న ఆ కాగితం పక్కనే పెట్టి దాచాను. ఈసారి పిల్లలు వచ్చి యుద్ధం కబుర్లు అడిగితే ఆ రెండూ తీసి వాళ్ల ముందు పెడతాను.